రాకెట్‌కు చప్పట్లు కొట్టాం, అది చూసిన గెలాక్సీని వదిలేశాం

శ్రీహరికోటలోని రాకెట్ ప్రయోగ కేంద్రం షార్‌లో ప్రయోగం ఉందంటే తిరుపతి జిల్లాలో హడావిడి తెలిసిందే. నమూనాను శ్రీవారి చెంత ఉంచి పూజలు, సూళ్లూరుపేటలో చెంగాళమ్మ దర్శనం, కౌంట్‌డౌన్, చప్పట్లు, టీవీల్లో స్క్రోలింగ్. మర్నాటికి అంతా మామూలే. పైకెళ్లిన ఉపగ్రహం ఏం చూసిందని అడిగే నాథుడుండడు.

మన ఇస్రో అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ సంగతే తీసుకోండి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచే వెళ్లింది. దానిలోని అతినీలలోహిత టెలిస్కోపు అద్దం వ్యాసం 38 సెంటీమీటర్లు, భోజనం కంచం కంటే కాస్త పెద్దది. అది ఒక గెలాక్సీ నుంచి 930 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన తీవ్ర అతినీలలోహిత కాంతిని పట్టింది. 2.4 మీటర్ల అద్దమున్న హబుల్ అంతరిక్ష టెలిస్కోపుకు చిక్కనిది దీనికి చిక్కింది, దీని డిటెక్టర్‌లో అనవసరపు రొద చాలా తక్కువ కాబట్టి. తొలినాళ్ల విశ్వంలో హైడ్రోజన్ పొగమంచులా కమ్ముకుని ఉండేది. తొలి గెలాక్సీల నుంచి తప్పించుకొచ్చిన ఇలాంటి కాంతే దాన్ని చెదరగొట్టిందని శాస్త్రవేత్తల అంచనా. ఇంత పెద్ద ముక్క 2020లో బయటికొస్తే మన జిల్లాలో ఎంతమందికి తెలిసింది?

మనకు చేరేవి మాత్రం యూట్యూబ్ థంబ్‌నెయిల్స్. 'బిగ్ బ్యాంగ్ కుప్పకూలింది!' అట. అంటే, విశ్వం వేడిగా, ఇరుగ్గా మొదలై విస్తరిస్తూ వస్తోందన్న సిద్ధాంతం పోయిందని. దానికి వాళ్లు చూపే సాక్ష్యాలు రెండు. బిగ్ బ్యాంగ్ తర్వాత 30 కోట్ల ఏళ్లు కూడా నిండకముందే వెలిగిపోతున్న గెలాక్సీలను జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపు చూసిన మాట నిజం. 330 కోట్ల కాంతి సంవత్సరాల పొడవున గెలాక్సీల వంపు ఒకటి కనిపించిందని 2021లో ప్రకటించిందీ నిజమే. వంపు సంగతి ఇంకా తేలలేదు, అలాంటి ఆకారాలు యాదృచ్ఛికంగానూ కనిపిస్తాయని వాదించేవాళ్లున్నారు. ఇక గెలాక్సీలంటారా, వాటి వల్ల దెబ్బతిన్నది వాయువు ఎంత వేగంగా నక్షత్రాలుగా మారుతుందన్న మన లెక్క. విశ్వం విస్తరిస్తోందన్న మాటకు ఢోకా లేదు.

అసలు నన్ను కుదురుగా కూర్చోనివ్వని సంగతి వేరే ఉంది. 60 కోట్ల కాంతి సంవత్సరాల మేర పరుచుకున్న 'సరస్వతి' అనే గెలాక్సీల మహాసమూహాన్ని 2017లో ప్రకటించింది పుణె పరిశోధకులు. దేనితో? ఆకాశంలోని గెలాక్సీలను నమోదు చేసే అమెరికా వాళ్ల స్లోన్ సర్వే ఎవరికైనా ఉచితంగా ఇచ్చే డేటాతో. బిగ్ బ్యాంగ్ తర్వాత 150 కోట్ల ఏళ్లకే చక్కటి సర్పిలాకారం దిద్దుకున్న 'అలకనంద' గెలాక్సీని 2025లో వెలుగులోకి తెచ్చిందీ పుణె వాళ్లే. అందులో ముందున్నది ఒక పీహెచ్‌డీ విద్యార్థిని. అదీ అందరికీ తెరిచి ఉంచిన జేమ్స్ వెబ్ డేటానే! కొండ మీద టెలిస్కోపు లేదు, కోట్ల గ్రాంటు లేదు అన్న సాకు ఇక్కడ చెల్లదు. ల్యాప్‌టాప్, నెట్, దారి చూపే గురువు ఉంటే తిరుపతి హాస్టల్ గదిలో కూర్చుని కూడా మొదలుపెట్టొచ్చు.

'ముందు పిల్లలకు ఉద్యోగాలు చూడండి సార్, గెలాక్సీలు తర్వాత' అంటారు. తీసిపారేయదగ్గ మాట కాదు. కానీ లక్షల గెలాక్సీల పట్టికను పైథాన్ ప్రోగ్రామింగ్‌తో జల్లెడ పట్టడం నేర్చిన కుర్రాడికి బెంగళూరులో డేటా ఉద్యోగం దొరకదా? తల్లిదండ్రుల టెన్షన్ అర్థమవుతుంది, ఈ వాదన మాత్రం నాకు ఎక్కదు.

ఈఏపీసెట్‌లో (పాత ఎంసెట్) మార్కు తేని ప్రశ్నను ఇంటర్ మొదటి ఏడాదిలోనే చంపేస్తున్నాం. 'సిలబస్‌లో లేదు, కూర్చో' అన్న లెక్చరర్ మాట రెండేళ్లు విన్నవాడు, ఐఐటీలో సీటు వచ్చినా సరే, ప్రశ్న ఎలా వేయాలో మళ్లీ నేర్చుకోవాలి. ఏర్పేడు దారిలో ఐఐటీ, సైన్సు పరిశోధన సంస్థ ఐసర్ రెండూ పెట్టుకుని, ఎస్వీ యూనివర్సిటీ ఉండి, గాదంకిలో వాతావరణ రాడార్ ఉండి కూడా జిల్లా డిగ్రీ కాలేజీల పిల్లలు ఇంటర్న్‌షిప్ పేరుతో సర్టిఫికెట్ల వేటలో పడుతున్నారు. ఆ ఇంటర్న్‌షిప్ సెమిస్టర్‌లో ఆస్ట్రోశాట్ డేటా ఫైలు ఒకటి చేతిలో పెట్టి, ఇందులో ఏముందో నాలుగు నెలల్లో చెప్పమనండి. వచ్చే విద్యా సంవత్సరానికే చేయొచ్చు, కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అసలే అక్కర్లేదు.