ధ్రువకాంతి గారికి, ఉప్పల్ డాబా మీద నుంచి

గౌరవనీయులైన ధ్రువకాంతి గారికి,

నమస్కారాలు. దోమకాట్లు మినహా ఇక్కడ అందరం క్షేమం. తమరు నార్వే రాత్రి ఆకాశంలో రంగురంగుల వెలుగై ఆడుతూ పాడుతూ ఉన్నారని తలుస్తాను.

సూర్యుడి మీద ఏదో పేలిందని, రాత్రికి హైదరాబాదు ఆకాశంలో తమరి దర్శనం ఖాయమని మా బావమరిది మొన్న వాట్సాప్‌లో పంపాడు. నేను నమ్మలేదు. నమ్మలేదు గానీ చాప, ఫ్లాస్కు, అత్తగారి కుర్చీ నాలుగంతస్తులు మోసింది నేనే. లిఫ్టు సంగతి మరో ఉత్తరంలో రాస్తాను.

పదకొండున్నరకు నీళ్ల ట్యాంకు వెనక ఆకుపచ్చ వెలుగు లేచింది. అటూ ఇటూ మెల్లగా ఊగింది. అత్తగారు చెప్పులు విడిచి దండం పెట్టారు. నేను వణికే చేతులతో ఫోను ఎత్తి పట్టుకున్నాను. అంతలో బ్యాండు మోగింది. సందు చివరి ఫంక్షన్ హాలు వాళ్లు పెళ్లికి తిప్పుతున్న ఫోకస్ లైటు అది! మా మనవడు నవ్వి నవ్వి పొలమారాడు.

తమరు రారని నాకు తెలియదా? 30 ఏళ్లు బడిలో ఫిజిక్స్ చెప్పినవాణ్ని. సూర్యుడు విసిరిన కణాల మేఘం 15 కోట్ల కిలోమీటర్లు దాటి రెండు మూడు రోజుల్లో ఇక్కడికి చేరుతుంది. భూమి అయస్కాంత క్షేత్రం దాన్ని గుమ్మంలోనే ఆపుతుంది. రాత్రివైపు తోకలా సాగిన ఆ క్షేత్రరేఖలు తెగి మళ్లీ అతుక్కునేటప్పుడు ఎలక్ట్రాన్లు ఊపందుకుని, ఆ రేఖల వెంటే ధ్రువాల వైపు జారి గాలిని గుద్దుతాయి. వంద కిలోమీటర్ల పైన ఆక్సిజన్ ఆకుపచ్చగా వెలుగుతుంది, 200 దాటాక అదే ఆక్సిజన్ ఎర్రగా. కింది అంచున నైట్రోజన్ ఊదారంగు. ఎరుపుది మరీ నిదానం. దెబ్బతిన్న పరమాణువు దాదాపు రెండు నిమిషాలు తీరిగ్గా కూర్చుని అప్పుడు వెలుగుతుంది. ఈలోగా పక్కవాడు తగిలాడా, ఆ వెలుగు పోయినట్టే. అందుకే గాలి పలచబడిన ఎత్తుల్లోనే దాని కాపురం. క్షేత్రరేఖలు ధ్రువాల దగ్గర నిటారుగా నేలలోకి దిగుతాయి, మా నెత్తి మీద మాత్రం చాలావరకు అడ్డంగా సాగిపోతాయి. తమరు దిగడానికి ఇక్కడ మెట్లే లేవు. ఈ బొమ్మ నల్లబల్ల మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు.

మరి బొంబాయి సంగతేమిటి?

1872 ఫిబ్రవరి 4 రాత్రి తమరు బొంబాయిలో కనిపించారని రాసిపెట్టి ఉంది. బొంబాయి ఏమైనా ఆర్కిటిక్‌లో ఉందా? వాళ్లది 19 డిగ్రీలు, మాది 17.4. సూర్యుడి దగ్గరనుంచి వచ్చినవారికి చివరి ఒకటిన్నర డిగ్రీ దగ్గర కాళ్లు పీకాయా? సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజులవి. కరెంటు దీపం లేదు, హోర్డింగు లేదు, ఆకాశాన్ని నల్లగా కడిగి ఆరబెట్టినట్టు ఉండేది. చిట్టాలో పేరు మాత్రం బొంబాయిది! పోనీ, అది పాత కథ. 2024 మేలో ఏం చేశావు? లద్దాఖ్‌లో హాన్లే ఖగోళ పరిశీలనశాల కెమెరాల ముందు ఎర్రగా ముస్తాబై నిలబడ్డావు. వాళ్లకు నువ్వు, మాకు ఫంక్షన్ హాలు లైటా? మేమంటే అంత లోకువా నీకు? రాకపోతే రాకు, ఆశ ఎందుకు పెడతావు? ఒక్క రాత్రి, ఒక్క మూల, గులాబీ రంగు మరకంత కనిపిస్తే నీ సొమ్మేం పోయింది?

ఇంతా చేసి నిన్ను తెచ్చే ఆ సూర్యుడి తుఫాను మమ్మల్ని వదలదు. పెద్దది వచ్చినప్పుడల్లా చౌటుప్పల్ అయస్కాంత పరిశీలనశాలలో భూమి అయస్కాంత బలం చూపే గీత కిందికి కుంగుతుంది. కుదుపు మా పొరుగు దాకా వస్తుంది, వెలుగు రాదు.

కొడుకు అబద్ధం పంపడని అత్తగారి నమ్మకం. ఆ ఆకుపచ్చ వెలుగు నువ్వేనని పొద్దున్నే ఎదురింటావిడకు చెప్పారు. కాదనడానికి నోరు తెరిచి, మానుకుని, కాఫీ తాగాను. చాప ఇంకా డాబా మీదే ఉంది.

ఇట్లు,
రిటైరైన ఒక ఫిజిక్స్ మాస్టారు
ఉప్పల్