బాతుల వేటకు డబ్బా టీవీ

కుళాయి బిగించే పానా ఒకటి కొనుక్కొద్దామని ఒక ఆదివారం ఎర్రగడ్డ సంతకు వెళ్ళినవాడిని, మూతలు లేని మిక్సీ జార్లకూ రెక్కలు లేని టేబుల్ ఫ్యానుకూ నడుమ మట్టికొట్టుకుపోయి పడివున్న బూడిదరంగు పెట్టెను చూసి, పానా సంగతి పూర్తిగా మరచిపోయాను. రెండు జాయ్‌స్టిక్కులు, ఒక పసుపుపచ్చ క్యాసెట్టు, వాటి పక్కన నారింజరంగు ప్లాస్టిక్ తుపాకీ. అమ్మే మనిషి 1,200 చెప్పి 700కు దిగాడు. పని చేస్తుందా అని అడిగితే, "నడుస్తది సార్, రోడ్డు దాటేదాక గ్యారంటీ" అన్నాడు. ఇంత నిజాయితీ గల గ్యారంటీని నేను పెద్ద పెద్ద దుకాణాలలో కూడా చూడలేదు.

1983లో జపాన్‌లో నింటెండో సంస్థ ఫ్యామికామ్ అనే వీడియో గేమ్ యంత్రాన్ని విడుదల చేసింది. తొంభైలలో మన ఊళ్ళకు చేరినవి చాలావరకు దాని నకళ్ళే. మాకు ఆ అసలు పేరూ తెలియదు, నకలు అన్న సంగతీ తెలియదు. దాన్ని టీవీ గేమ్ అనేవాళ్ళం, అంతే. క్యాసెట్టు పని చేయకపోతే బయటకు తీసి, పిల్లనగ్రోవి ఊదినట్టు ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. ఊదితే నోటి తడికి లోపలి రాగిపళ్ళు తుప్పు పడతాయనీ, పని చేయించింది మన ఊపిరి కాదు, తీసి మళ్ళీ పెట్టడమేననీ తరువాత ఎప్పుడో చదివి చాలా నొచ్చుకున్నాను.

నేను తెచ్చిన క్యాసెట్టు మీద "9999999 ఇన్ 1" అని రాసి ఉంది. ఒక్కో ఆటకు ఐదు నిమిషాల చొప్పున నిద్రాహారాలు మాని ఆడినా అన్నీ పూర్తి కావడానికి 95 ఏళ్ళు పడుతుందని లెక్క కట్టి చెబితే, మా ఆవిడ "అయితే ఇక మీరు ఆఫీసుకు వెళ్ళరన్నమాట" అంది. నిజానికి అందులో ఉన్నవి పది పన్నెండు ఆటలే. అవే పేర్లు మార్చుకుని, ఎన్నికల్లో గుర్తు మార్చుకున్న అభ్యర్థుల మాదిరిగా, మళ్ళీ మళ్ళీ వస్తుంటాయి. నాకు కావలసింది వాటిలో ఒక్కటే: 1984 నాటి డక్ హంట్, అంటే బాతుల వేట.

గోడకున్న ఎల్ఈడీ టీవీకి తీగలు తగిలించగానే బాతులు వచ్చాయి. గురి చూసి కాల్చాను, ఒక్కటీ పడలేదు. గడ్డిలోంచి ఆ ఆటలోని వేటకుక్క లేచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ముప్పై ఏళ్ళ తరువాత కూడా ఆ నవ్వు నన్ను అంతే బాధించింది. చిన్నప్పటి కిటుకు గుర్తొచ్చి తుపాకీ మూతిని టీవీ అద్దానికి ఆనించి కాల్చాను. అప్పుడూ కుక్కే నవ్వింది. మా మేనల్లుడు "మామయ్యా, మీకు గురి కుదరడం లేదు" అని, రెండు నిమిషాలలో అదే ఆటను తన ఫోనులోకి దింపి, బొటనవేలితో పొడిచి పది బాతులను పడగొట్టి చూపించాడు. వేలితో పొడిచి చంపడానికి అవి బాతులా, నల్లులా?

తప్పు నా గురిది కాదని ఆ రాత్రి తెలిసింది. ఆ తుపాకీలోంచి వెలుగు బయటకు రాదు. బయటి వెలుగునే అది చూస్తుంది. మీట నొక్కగానే తెర మొత్తం ఒక్క క్షణం నల్లబడి, మరుక్షణం బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం మెరుస్తుంది. తుపాకీ మూతిలోని సెన్సారుకు ముందు చీకటి, వెంటనే వెలుగు కనిపిస్తే దెబ్బ తగిలినట్టు. పాత పిక్చర్ ట్యూబు టీవీ సంకేతం అందిన క్షణానే గీత గీతగా బొమ్మను గీసేస్తుంది. కొత్త టీవీ మాత్రం, ప్రశ్న అడిగితే కళ్ళజోడు తుడుచుకున్నాక గానీ బదులు చెప్పని మా నాన్నగారిలా, బొమ్మను లోపల సరిదిద్దుకుని కాస్త ఆలస్యంగా చూపిస్తుంది. ఆ కాస్తలో తుపాకీ చూడవలసిన ఘడియ దాటిపోతుంది.

కాబట్టి డబ్బా టీవీ కావాలి. ఇంటిలో ఈ ప్రతిపాదన పెడుతూ, అమెరికాలో 2010కి ముందు విడుదలైన వీడియో గేముల్లో 87 శాతం ఇప్పుడు అంగట్లో కొనడానికి దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చిన విషయాన్ని కూడా బరువుగా విన్నవించాను. "మన అటక మీద ఉన్నవాటిలోనూ నూటికి 87 ఎందుకూ పనికిరావు" అంది మా ఆవిడ. విప్పని సూపర్ మారియో ఆట డబ్బా ఒకటి 2021లో 20 లక్షల డాలర్లకు అమ్ముడైందని చెప్పి చూశాను. మనం విప్పేశాం కదా అన్న జవాబుకు నా దగ్గర జవాబు లేదు.

చివరికి మా వీధి చివర పాత సామాన్ల కొట్టులో, బియ్యపు బస్తాల వెనుక, 21 అంగుళాల టీవీ ఒకటి కనిపించింది. 1,800కు ఒక్క పైసా తగ్గనన్నాడు. వాల్యూమ్ బటన్లు ఊడిపోయి రెండు చిన్న రంధ్రాలు మిగిలాయి. వాటి పక్కన ఎవరో గోళ్ళరంగుతో కూడిక, తీసివేత గుర్తులు వేశారు. ఆ ఎవరో మా నాన్నగారే. 1996 ప్రపంచకప్పు క్రికెట్ కోసం కొని, బటన్లు ఊడిన నాటినుంచి రీఫిల్ ముక్కతో పొడిచి సౌండు పెంచుకుంటూ ఆయన కాపాడుకొచ్చిన ఆ టీవీని, పోయిన సంక్రాంతికి ఇల్లు దులుపుతూ ఇదే కొట్టుకు నేనే 250 రూపాయలకు ఇచ్చేశాను. ఆ సంగతి చెబితే ధర తగ్గుతుందేమోనని ఆశపడ్డాను. "మీ ఇంటిదే కదా సార్, మంచిగ చూస్కున్నరు" అని మెచ్చుకుని, 1,800 తీసుకున్నాడు.

ఆ రోజు లిఫ్టుకు కూడా సుస్తీ చేసింది. వాచ్‌మన్, నేను, దారిలో దొరికిన పాలబ్బాయి కలిసి ఆ బరువును మూడు అంతస్తులు ఎక్కించేసరికి, ఆ టీవీని తక్కువగా అంచనా వేసినందుకు నా నడుము నన్ను గట్టిగానే మందలించింది. అయినా ఏం, స్విచ్చి వేసి, తీగలు తగిలించి, మొదటి తూటా పేల్చగానే బాతు రెక్కలు ముడుచుకుని దభీమని పడింది. ఇంటిల్లిపాదికీ వినబడేలా కేక వేశాను.

ఆ కేకకు నాన్నగారు వచ్చారు. టీవీని చూశారు, నన్ను చూశారు, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ టీవీని చూశారు. కొత్త టీవీలో పాత సినిమాలన్నీ అడ్డంగా సాగిపోయి, నాయికలంతా గవదబిళ్ళలు వచ్చినట్టు కనిపిస్తున్నారని ఆరు నెలలుగా ఆయన గొణుగుతుంటే మేమెవరమూ చెవిన పెట్టలేదు. మర్నాడు నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి సెట్‌టాప్ బాక్సు ఆయన గదిలోకి, డబ్బా టీవీ దగ్గరకు మారిపోయింది. "చూడరా, సావిత్రి ముఖం మళ్ళీ సావిత్రి ముఖంలా ఉంది" అన్నారు.

ఆ టీవీకి బయటి తీగలు తగిలించే ఆడియో-వీడియో రంధ్రాల వరుస ఒక్కటే ఉంది. భోజనం చేసి ఆయన కునుకు తీసే ఆ గంటలో సెట్‌టాప్ తీగలు పీకి బాతులను ఎగరేయవచ్చు గానీ, మొదటి తూటాకే ఆయన లేచి కూర్చుంటారు. సౌండు తగ్గించాలంటే రీఫిల్ ముక్క కావాలి. అది ఆయన చొక్కా జేబులో ఉంది.