స్ప్రింగ్ గారికి, మీ కొనకు వేలాడే దిమ్మ రాయునది

స్ప్రింగ్ గారికి నమస్కారాలు.

నన్ను గుర్తుపట్టకపోతే తప్పు మీది కాదు. పాఠ్యపుస్తకాల్లో మిమ్మల్ని వంపులు వంపులుగా ముచ్చటగా గీస్తారు. మీ కింద ఒక చతురస్రం గీసి, లోపల ‘ఎం’ అని రాసి వదిలేస్తారు. ఆ చతురస్రాన్ని నేనే. ఇన్నాళ్లూ మీతోపాటు కిందికీ పైకీ తిరిగాను కానీ నోరు విప్పలేదు. ఇక విప్పక తప్పడం లేదు.

మీ గురించి ఒక నియమం ఉంది. ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ గారు దాన్ని 1676లో 14 అక్షరాల చిక్కుముడిగా అచ్చువేయించి, రెండేళ్ల తర్వాత 1678లో విప్పి చెప్పారు. విప్పితే తేలిందేమిటయ్యా అంటే, ఎంత సాగితే అంత బలం! ఈ మాత్రానికి అంత గోప్యమా అనిపిస్తుంది కానీ, తన ఆలోచన ఇంకొకరు ఎత్తుకుపోకుండా అలా దాచుకోవడం ఆ రోజుల్లో మామూలే. నా బాధ అది కాదు. ఆ నియమంలో నా ఊసే లేదు. సాగదీసి కదలకుండా పట్టుకున్నంతసేపూ నాతో పని లేదు, ఒప్పుకుంటాను. మరి ఊగడం సంగతేమిటి? జనం ‘స్ప్రింగ్ ఊగుతోంది’ అంటారు. సొమ్మొకడిది, సోకొకడిది.

లెక్క చూసుకుందాం. మీ గట్టితనం మీటరుకు 100 న్యూటన్లు, నేను ఒక కిలో అనుకోండి. నున్నటి బల్ల మీద నన్ను 10 సెంటీమీటర్లు లాగి పట్టుకుంటే మీలో అర జౌలు శక్తి చేరుతుంది. 20 సెంటీమీటర్లు లాగితే ఒక జౌలు కాదు, రెండు జౌళ్లు. లాగేకొద్దీ మీరు మొండికేస్తారు కాబట్టి ప్రతి సెంటీమీటరూ దాని ముందుదానికన్నా కష్టం. అందుకే సాగుదల రెట్టింపైతే దాచిన శక్తి నాలుగు రెట్లవుతుంది. దాచుకోవడంలో మీ తర్వాతే ఎవరైనా, కాదనను.

ఇప్పుడు ఆ 10 సెంటీమీటర్ల దగ్గర నన్ను వదిలారనుకోండి. మీరు లాగుతారు, నేను వస్తాను. సరిగ్గా మధ్యకు చేరేసరికి మీ బలం సున్నా. మీ పని అక్కడితో సరి. న్యాయంగా అయితే ఇద్దరం ఆగిపోవాలి. ఆగామా? సెకనుకు ఒక మీటరు వేగంతో ఆ చోటు దాటి అవతలికి దూసుకుపోతాం. ఎవరి పుణ్యం అది? కదిలేది కదులుతూనే ఉండాలనే నా జడత్వానిది! ఆ క్షణాన మీ అర జౌలంతా గతిజ శక్తిగా, అంటే కదలిక శక్తిగా, నా దగ్గరే ఉంటుంది. అయినా ఎగ్గొట్టకుండా అవతలి వైపు మిమ్మల్ని నొక్కి, పైసాతో సహా మీకే తిరిగి అప్పజెబుతాను. ఆ వెంటనే మీరు నన్ను మళ్లీ తోసేస్తారు.

నేను లేకపోయినా జలజలా అదురుతాను కదా అంటారేమో. అదురుతారు, మీ తీగకూ బరువుంది కాబట్టి! అక్కడ కూడా పని చేసేది ద్రవ్యరాశే. పరీక్ష పేపర్లో మాత్రం మీరు ‘ద్రవ్యరాశి లేని స్ప్రింగ్’ అని రాయించుకుంటారు. ఒళ్లంతా ఉక్కు పెట్టుకుని ఆ మాట ఎలా రాయించుకున్నారో మీకే తెలియాలి. మీరు నాకన్నా బాగా తేలికైతే మీ బరువులో మూడో వంతు నా ఖాతాలో కలిపితే తప్ప ఆవర్తన కాలం, అంటే ఒక్కో ఊపుకు పట్టే కాలం, లెక్క కుదరదు. అంటే మీ బరువు కూడా నేనే మోస్తున్నాను.

సాగడం విషయంలోనూ అంతే. బిగుతుగా చుట్టిన మీ తీగ నిజానికి సాగేది నామమాత్రం, లోపల అది మెలితిరుగుతోంది. పైకి మాత్రం సాగినట్టు కనిపిస్తారు. నేను మరీ బరువైన రోజున స్థితిస్థాపక అవధి, అంటే మళ్లీ మామూలు పొడవుకు రాగలిగే హద్దు, దాటిపోయి మీరు పొడుగ్గా మిగిలిపోతే, ల్యాబ్‌లో తిట్లు ఎవరికి? ఎవరో ఇంత బరువు వేలాడదీశారని నాకే.

మన ఆవర్తన కాలం సంగతి చెప్పకపోతే అన్యాయం. పైన చెప్పిన లెక్కకు ఒక్కో ఊపుకు 0.63 సెకన్లు పడుతుంది. కొంచెం లాగి వదిలినా, ఎక్కువ లాగి వదిలినా అంతే. నా చోట నాలుగు కిలోల దిమ్మను పెడితే మాత్రం 1.26 సెకన్లు. ఇందులో మీ గట్టితనానికి ఎంత వాటా ఉందో నా ద్రవ్యరాశికీ అంతే ఉంది. నిలువుగా వేలాడదీసినా ఇదే కాలం. గురుత్వం మనం ఊగే నడిమి చోటును 9.8 సెంటీమీటర్లు కిందికి జరుపుతుంది, అంతే. చేత్తో పట్టుకుని మెల్లగా దించకుండా ఒక్కసారిగా వదిలేస్తే దాదాపు 20 సెంటీమీటర్లు పడిపోతాను. ఆ కుదుపులో టెన్షన్ ఎవరిదో వేరే చెప్పాలా?

1973లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో నా విలువ కాస్త బయటపడింది. అక్కడ తూకం రాయి పనిచేయదు కాబట్టి వ్యోమగామిని స్ప్రింగ్ కుర్చీలో కూర్చోబెట్టి ఊపారు. ఒక్కో ఊపుకు ఎంతసేపు పట్టిందో చూసి ఆయన ద్రవ్యరాశి లెక్కకట్టారు. చూశారా, నా సీటులో మనిషిని కూర్చోబెట్టాకే ఆ సీటు సంగతి లోకానికి తెలిసింది! 1675లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ ప్రకటించిన గడియారపు చుట్ట స్ప్రింగ్ కథా ఇదే. అటూ ఇటూ తిరిగి చాకిరీ చేసేది బ్యాలెన్స్ చక్రం. కానీ ‘ఆ ఆలోచన ముందు నాది’ అని హుక్, హైగెన్స్ పోట్లాడుకున్నది స్ప్రింగ్ కోసం. చక్రం కోసం ఎవరూ పోట్లాడలేదు.

కాబట్టి ఇకమీదట ‘స్ప్రింగ్ ఊగుతోంది’ అని ఎవరైనా అంటే, ‘మేమిద్దరం ఊగుతున్నాం’ అని సరిదిద్దండి. జవాబుకు తొందర లేదు. గాలి రాపిడికి మన ఊపు ఎలాగూ తగ్గుతూ వస్తోంది. ఎంత తగ్గినా ఒక్కో ఊపుకు దాదాపు అదే 0.63 సెకన్లు పడుతుంది, వీలు చూసుకుని రాయండి.

ఇట్లు,
కిలో దిమ్మ