మేనల్లుడి ఈత: అన్నాచెల్లెళ్ళ వాదోపవాదం

(కోనసీమలో కాలువ గట్టు పక్క ఇల్లు. పన్నెండేళ్ళ కుర్రవాడికి, రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు అయిన హీమోఫిలియా-ఎ తీవ్రంగా ఉంది. అది తల్లి వైపు నుంచి వచ్చిన జబ్బు, మేనమామకూ అదే. పిల్లవాణ్ణి ఈతకు పంపాలని మేనమామ, వద్దని తల్లి వాదిస్తున్నారు.)

చెల్లెలు: అన్నయ్యా, వ్యాయామం చేస్తే రక్తం గడ్డకట్టే శక్తి పెరుగుతుందని నిన్న వాడి ఎదుటే అన్నావు. వాడు ఆ మాట పట్టుకుని కూర్చున్నాడు. డాక్టరుగారిని అడిగితే, జబ్బు స్వల్పంగానో మధ్యస్థంగానో ఉన్నవాళ్ళు చెమట పట్టేలా పరుగెత్తినప్పుడు ఒంట్లో నిల్వ ఉన్న ఫ్యాక్టర్ 8, అంటే రక్తాన్ని గడ్డకట్టించే ప్రోటీన్, కాసేపు రక్తంలోకి ఎక్కువగా వస్తుందని చెప్పారు. మనవాడికి అది మామూలుగా ఉండవలసిన దాంట్లో ఒక్క శాతం కూడా లేదు. అసలు తయారు కానిది నిల్వ ఎక్కడ ఉంటుంది?

అన్న: ఆ మాట తొందరపడి అన్నాను, వాడికి నేనే సరిదిద్ది చెబుతాను. కానీ నేను ఈత అడుగుతున్నది కండ కోసం. ఈ మోకాలు చూడు. చిన్నప్పుడు కీలు లోపల రక్తం కారి ఇది వాచినప్పుడల్లా, వాపు తీసిన తర్వాత కూడా, అమ్మ నన్ను వారాల తరబడి మంచం దిగనివ్వలేదు. ఆనాడు మనకు ఫ్యాక్టర్ సూది అందేది కాదు కనుక అమ్మను తప్పు పట్టను. అయితే రక్తం కీలును తింటూ ఉంటే, దాన్ని కాయవలసిన తొడ కండ మంచం మీదే కరిగిపోయింది. ఇప్పటికీ రేవు మెట్లు ఒక్కొక్కటీ పక్కకు తిరిగి దిగుతున్నాను.

చెల్లెలు: ఆ మోకాలిని చూసే నాకు భయం. మొన్న సంక్రాంతికి గాలిపటం కోసం అరుగు మీంచి దూకాడు. "అమ్మా, మడమ దగ్గర లోపల వెచ్చగా, జివ్వుమంటోంది" అని సాయంత్రం అన్నాడు, రాత్రికి చీలమండ కొబ్బరి పిందెలా ఉబ్బింది. ఫ్యాక్టర్ ఉన్న ఆసుపత్రికి రెండు బస్సులు మారి వెళ్ళాం. ఆటల తర్వాత రక్తస్రావం ఎక్కువని పరిశోధనలు చెప్పడం లేదా?

అన్న: చెబుతున్నాయి. ఆస్ట్రేలియాలో హీమోఫిలియా ఉన్న 104 మంది పిల్లల మీద చేసి 2012లో ప్రచురించిన పరిశోధనలో, ఒకరినొకరు గట్టిగా ఢీకొనే ఆటల తర్వాత రక్తస్రావం అయ్యే అవకాశం కొన్ని గంటల పాటు 3.7 రెట్లు పెరిగింది. అయితే దేనితో పోల్చి ఆ మాట అన్నారో చూడమ్మా. ఊరికే కూర్చోవడాన్నీ, ఈత వంటి వాటినీ ఒకే గట్టున కట్టి, వాటితో పోల్చారు. నీళ్ళలో ఒంటి బరువు కీళ్ళ మీద పడదు. రక్తంలో ఫ్యాక్టర్ ఒక్కొక్క శాతం పెరిగిన కొద్దీ ముప్పు 2 శాతం చొప్పున తగ్గిందని కూడా అందులోనే ఉంది. ఎక్కించిన ఫ్యాక్టర్ 8 సుమారు 12 గంటల్లో సగమవుతుంది. కనుక వాడికి సూది పడే సోమ, బుధ, శుక్రవారాల్లో, సూది పడిన పూటే ఈత పెట్టుకుందాం.

చెల్లెలు: ఈత అంటే ఇక్కడ కాలువే కదా. రేవు మెట్లకు నాచు, పైగా పిల్లలందరూ గట్టు మీంచి దూకుతుంటే వీడొక్కడూ బుద్ధిగా దిగుతాడా? తలకు దెబ్బ తగిలితే రెండు బస్సులు మారే వ్యవధి ఉంటుందా?

అన్న: కాలువ వద్దు, అక్కడ నీదే న్యాయం. టౌనులో ఈతకొలను ఉంది, నేను వెంట వెళ్తాను. ఏ కీలైనా వెచ్చబడితే ఆ రోజు నీళ్ళ జోలికి పోనివ్వను.

చెల్లెలు: సూది వేసే నర్సమ్మ రాని రోజు మీరిద్దరూ ఏం చేస్తారు? నీ సూది నువ్వే వేసుకుంటావు కదా, రబ్బరు పట్టీ కట్టడం, నరం పట్టడం ముందు వాడికి నేర్పు. నర్సమ్మ పక్కన ఉండగా, నా కళ్ళ ముందు మూడుసార్లు వాడంతట వాడు సరిగ్గా వేసుకున్న తర్వాత, నాలుగో సూది రోజున కొలనుకు తీసుకెళ్ళు.