కాకులకు మన మనసు అంటగట్టకుండా

ప్రకృతి గురించి రాయడం నేర్చుకోవాలంటే ఏం చదవాలని అడిగిన వాళ్లకు నేను ముందు ఒక సినిమా చూడమని చెబుతాను. 1963లో వచ్చిన హిచ్‌కాక్ సినిమా ‘ది బర్డ్స్’. అందులో పక్షులు ఉన్నట్టుండి మనుషుల మీద పడతాయి. పిట్టల గురించి రాసేవాళ్లకు దడుపు పుట్టించే సినిమాతో ఏం పని అంటారు. చాలా పని ఉంది.

బడి దగ్గరి సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. కథానాయిక మెలనీ బయట బెంచీ మీద కూర్చుని సిగరెట్ ముట్టిస్తుంది. లోపల పిల్లలు పాట పాడుతుంటారు. ఆమె వీపు వెనక, పిల్లలు ఎక్కి ఆడుకునే ఇనప చట్రం మీద ఒక కాకి వాలుతుంది. కాసేపటికి ఇంకొన్ని. ఆమె చూడదు. ఆ తర్వాత కెమెరా ఆమె ముఖం మీదే నిలిచిపోతుంది, వెనక ఏం జరుగుతోందో మనకూ తెలియదు. చివరికి ఆకాశంలో ఒంటరిగా వస్తున్న కాకి ఒకటి ఆమె కంటపడుతుంది. ఆమె చూపు దాని వెంటే పోతుంది. అది వెళ్లి వాలేసరికి ఆ చట్రమంతా నల్లగా కాకులే.

అక్కడ మనల్ని కంగారు పెట్టడానికి సంగీతం కూడా ఉండదు. సినిమా మొత్తానికీ నేపథ్య సంగీతం లేదు. ఆస్కార్ సాలా అనే జర్మన్ సంగీతజ్ఞుడు ట్రౌటోనియం అనే ఎలక్ట్రానిక్ వాద్యంతో పక్షుల అరుపులు, రెక్కల చప్పుళ్లు పుట్టించాడు. ఆ చట్రం మీద కాకులు మాత్రం ఊరికే కూర్చుంటాయి. పగబట్టినట్టు చూడవు. పక్షులు మనుషుల మీద ఎందుకు పడుతున్నాయో దర్శకుడు చివరిదాకా చెప్పడు. సినిమా అయిపోయిందని తెర మీద అక్షరాలు కూడా పడవు.

ఇక మన పత్రికల్లో వచ్చే ప్రకృతి వ్యాసాలు చూడండి. పక్షులు స్వాగతం పలుకుతాయి, ఆనందంతో గానం చేస్తాయి, తల్లిప్రేమను చాటుతాయి. ఏ పక్షి అని అడిగితే పేరుండదు. పొద్దున్నే మగపిట్ట గొంతెత్తి అరిచేది చాలాసార్లు ‘ఇది నా చోటు, ఇటు రాకు’ అని. దాన్ని మన సంతోషానికి తాళం వేసే మేళగాడిలా మార్చేస్తాం. ఈ అలవాటు మీద నాకు నిజంగా కోపం. పిట్టకు మన మనసు అంటగట్టకుండా, దాన్ని దానిలా కూర్చోనిచ్చే విషయంలో ఒక భయానక చిత్రం మన అందమైన వ్యాసాలకంటే నిజాయితీగా ఉంది. అందుకే దాన్ని చూడమంటాను.

అలాగని ఆ సినిమా దగ్గరే ఆగిపోతే మన పని సగమే అయినట్టు. ‘ఎందుకు’ అన్న ప్రశ్నను సినిమా గాలికి వదిలేయొచ్చు, మనం వదలకూడదు.

1961 ఆగస్టు 18 తెల్లవారుజామున కాలిఫోర్నియాలోని శాంటా క్రజ్ దగ్గర, కాపిటోలా ప్రాంతంలో, సూటీ షియర్‌వాటర్ అనే సముద్రపక్షులు గుంపులు గుంపులుగా వచ్చి ఇళ్లను ఢీకొన్నాయి. వీధుల నిండా పక్షులు పడి ఉన్నాయి, సగం అరిగిన చేపల్ని కక్కుతూ. అప్పటికే ఈ సినిమా పనిలో ఉన్న హిచ్‌కాక్ ఆ వార్త వచ్చిన స్థానిక పత్రికను తెప్పించుకున్నాడు. పొగమంచులో దారితప్పి దీపాల మీదికి వచ్చాయని అప్పట్లో అనుకున్నారు. 1991లో అదే తీరంలోని మాంటెరీ అఖాతంలో పెలికన్లు, కార్మొరాంట్లు చచ్చిపోతుంటే, వాటి ఒంట్లో డొమోయిక్ ఆమ్లం అనే విషం దొరికింది. సముద్రంలో కంటికి కనిపించని ఒక రకం నాచు దాన్ని తయారుచేస్తుంది. నాచును ఆంకోవీ చేపలు తింటాయి, చేపల్ని పక్షులు తింటాయి. విషం మెదడుకెక్కి ఒళ్లు స్వాధీనం తప్పుతుంది. 1961 వేసవిలో ఆ సముద్రం నుంచి పట్టి భద్రపరిచిన, నీళ్లలో తేలే చిన్న చిన్న జీవుల కడుపుల్లో ఏముందో శాస్త్రవేత్తలు పరీక్షించి, అప్పుడు కూడా జరిగింది అదే అయ్యుంటుందని 2011 చివర్లో ప్రకటించారు.

యాభై ఏళ్లపాటు జవాబు ఆ నమూనాల్లోనే ఉంది. ఆ తెల్లవారుజామున ఇళ్ల మీదికి వచ్చినవి దాడికి రాలేదు, చావుబతుకుల్లో వచ్చాయి. న్యూజిలాండ్‌లో గుడ్లు పొదిగి పసిఫిక్ అంతా చుట్టి ఏటా 64,000 కిలోమీటర్ల దాకా ఎగిరే పక్షులవి. వాటి బతుకు తెలిశాక ఆ వీధి దృశ్యం నాకు మరింత భయం పుట్టిస్తుంది. ఆ భయం పిట్టల వల్ల కాదు, నీళ్ల వల్ల.

వాషింగ్టన్ రాష్ట్రంలోని బోథెల్‌లో, విశ్వవిద్యాలయ ప్రాంగణం పక్కన బాగుచేసిన చిత్తడినేలకు చలికాలం సాయంత్రాల్లో కాకులు చేరుతాయి. ఒక్కోసారి 16,000 దాకా. ఆ సినిమా చూసినవాళ్లెవరైనా ఒకసారి అక్కడికి వెళ్లి నిలబడాలి. నాలుగు దిక్కుల నుంచీ వస్తాయి. ముందు కప్పుల మీద, పచ్చిక మీద దిగుతాయి. బాగా చీకటి పడ్డాక ఒక్కుమ్మడిగా లేచి చెట్లలోకి సర్దుకుంటాయి. ఆ గోలలో పక్కవాళ్ల మాట వినపడదు. కొమ్మ మీద చోటు కోసం ఒకదాన్నొకటి తోసుకోవడం, ముక్కుతో పొడుచుకోవడం దగ్గర్నుంచి చూడొచ్చు. మనుషుల్ని పట్టించుకున్నది ఒక్కటీ కనబడలేదు నాకు.

ఆ రాత్రి నోట్‌బుక్‌లో తేదీ, గాలి, వెలుతురు రాసుకున్నాక ఒక వాక్యం రాశాను: ‘అలసిపోయిన కాకులు ఇల్లు చేరాయి.’ మర్నాడు చదువుకుని ‘అలసిపోయిన’ కొట్టేశాను. అవి అలసిపోయాయని నాకెవరు చెప్పారు? ‘ఇల్లు’ కూడా కొట్టేశాను. కాకులు చేరాయి. దాని పక్కన టైము వేశాను, 4:50.