సొరచేపలకు మేత: కాటు ఒక్కటే కొలమానమా?

టూరిస్టులకు దగ్గరగా చూపించడానికి సొరచేపలకు ఎర వేయడం సబబేనా అన్న చర్చ ఎక్కడ మొదలైనా చివరికి కాటు దగ్గరికే వచ్చి ఆగుతుంది. మనిషి చేతి తిండికి అలవాటు పడ్డ సొరచేప రేపు ఈతగాళ్ల మీద పడదా అని ఒక పక్షం అడుగుతుంది. రుజువు చూపించండి అని, టూరిస్టుల్ని సముద్రంలోకి దింపే డైవ్ ఆపరేటర్లు ఎదురు ప్రశ్న వేస్తారు. ఇరవై ఏళ్లకు పైగా ఇదే తంతు.

2001 వేసవిలో సొరచేప దాడుల వార్తలతో అమెరికా టీవీలు హోరెత్తాయి. 2002 జనవరి 1 నుంచి ఫ్లోరిడా తన జలాల్లో డైవర్లు చేపలకు తిండి పెట్టకూడదని నిషేధం తెచ్చింది. అట్లాంటిక్ వైపు ఆ రాష్ట్ర పరిధి మూడు నాటికల్ మైళ్లే. అక్కడి జూపిటర్ పట్టణం నుంచి బయల్దేరే పడవలు ఆ గీత దాటి అదే పని చేస్తున్నాయి. పడవ మీంచి గాలం వేసేవాళ్లు చల్లే ఎరకు ఆ నిషేధం వర్తించనే వర్తించదు. నీళ్లలో పడ్డ చేప ముక్క డైవర్‌దా, జాలరిదా అని సొరచేప వాకబు చేయదు కదా!

ఫ్లోరిడాకు దగ్గర్లోని ద్వీప దేశం బహమాస్‌లో ఈ డైవ్ ఎలా ఉంటుందంటే, టూరిస్టులు ఇసుక మీద మోకాళ్లూని, చేతులు గుండెలకు అదుముకుని అర్ధచంద్రాకారంలో కూర్చుంటారు. మధ్యలో స్టీలు రింగులతో అల్లిన సూట్ వేసుకున్న గైడ్, పక్కన మూత ఉన్న ఎర పెట్టె. చువ్వకు గుచ్చిన చేప తల బయటికి రాగానే రీఫ్ (పగడపు దిబ్బ) దగ్గర తిరిగే రీఫ్ షార్కులు గైడ్ చుట్టూ మూగుతాయి. ప్రమాదం లేదనడం అబద్ధం. 2008లో అక్కడే, ఎర వేసిన డైవ్‌లో, బోను రక్షణ లేకుండా నీళ్లలో ఉన్న ఆస్ట్రియా టూరిస్టు ఒకరు కాటుకు గురై చనిపోయారు. అయితే అది డైవ్‌కు దిగినవారికి ఉన్న ప్రమాదం. దూరాన ఒడ్డున ఈదేవాళ్లకూ ముప్పు పెరుగుతుందన్న వాదనకు గట్టి ఆధారం కనిపించదు. బహమాస్‌లో మేత తినే టైగర్ షార్కులు అక్కడే తిష్ట వేయకుండా సముద్రంలో చాలా దూరం తిరుగుతున్నాయని 2012 నాటి పరిశోధన చూపింది.

అంతమాత్రాన ఆపరేటర్లు గెలిచినట్టు కాదు. మేత వల్ల సొరచేప దినచర్య ఏమవుతోందన్నది అసలు ప్రశ్న. ఆస్ట్రేలియా దగ్గర కోరల్ సీలోని ఆస్ప్రే రీఫ్‌లో, మామూలుగా పగలు విశ్రాంతి తీసుకునే వైట్‌టిప్ రీఫ్ షార్కులు ఎర పడవ వచ్చే వేళకు లేచి తిరగడం మొదలుపెట్టాయి. దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవుల్లో 2007 తర్వాత కేజ్ డైవింగ్ (బోనులో ఉండి సొరచేపల్ని చూడటం) పెరిగాక గ్రేట్ వైట్ షార్కులు అక్కడ ఎక్కువ రోజులు ఉండిపోయాయి. ఆ మార్పును కొలిచారు కాబట్టే ఎర వేసే రోజులకు ప్రభుత్వం పరిమితి పెట్టగలిగింది.

ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. మనిషిని ఏమీ చేయని వేల్ షార్కులకు అక్కడ 2011 ప్రాంతం నుంచి రోజూ పొద్దున్నే చిన్న రొయ్యలు పెడుతున్నారు. పడవలకు దగ్గరగా రావడం అలవాటై వాటి ఒంటి మీద గాయాల మచ్చలు పేరుకుంటున్నాయి. మనిషికి భయం లేదు కాబట్టి నిషేధం మాటే పెద్దగా వినిపించదు. కాటునే కొలమానంగా పెట్టుకుంటే ఇలాంటి చోట్ల ఏ తప్పూ కనబడదు.

డబ్బు వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. షార్క్ టూరిజం ఏటా బహమాస్ ఆర్థిక వ్యవస్థకు దాదాపు 11 కోట్ల డాలర్లు తెస్తోందని 2017 నాటి అంచనా. లాంగ్‌లైన్ వేటను (పొడవాటి తాడుకు వరసగా గాలాలు కట్టి చేసే వేట) 1993లోనే ఆపిన ఆ దేశం 2011లో తన జలాలను సొరచేపల అభయారణ్యంగా ప్రకటించింది. ఫిజీలోని బెకా లగూన్ దగ్గర డైవర్లు కట్టే రుసుము, రీఫ్‌లో చేపల వేట వదులుకున్న గ్రామాలకు చేరుతుంది. 1970 తర్వాత నడిసముద్రపు సొరచేపలు, టెంకి చేపల (రే చేపలు) సంఖ్య 71 శాతం పడిపోయిందని 2021లో లెక్క తేలింది. అందుకు ప్రధాన కారణం మితిమీరిన చేపల వేటే, డైవర్ల ఎర బకెట్ కాదు. అందుకే పూర్తి నిషేధం వైపు నేను మొగ్గను.

కానీ చేత్తో తినిపించడం, వారమంతా ఎర వేయడం, ఎన్ని పడవలనైనా రానివ్వడం ఆపాలి. ఏ రోజు ఎన్ని కిలోల ఎర నీళ్లలో పడింది, ఏ జాతి ఎంతసేపు ఉంది అన్నది నమోదు చేసి, డైవ్‌లతో సంబంధం లేని పరిశోధకులకు ఇవ్వడం లైసెన్సులో షరతుగా ఉండాలి. ఆ లెక్క ఇవ్వని ఆపరేటర్ లైసెన్సును మరుసటి ఏడాది పొడిగించకూడదు.