దణ్ణానికి నాలుగు బైట్లు

మా ఆఫీసులో ఏది ఆగిపోయినా ముందు వినిపించే మాట "లాగ్స్ చూడండి" అని. లాగ్స్ అంటే యాప్‌లో జరిగిందల్లా రాసిపెట్టుకునే చిట్టాలు. చూద్దామంటే అవి ఒక్క చోట ఉండవు. కూకట్‌పల్లి చుట్టుపక్కల కర్రీ పాయింట్లకు ఆర్డర్లు తీసుకునే యాప్ మాది. కస్టమర్ రాసే మెసేజ్ ఒక చోట, వంటింటి నుంచి వచ్చే జవాబు ఇంకో చోట, యాప్ తనలో తాను ఏడ్చుకునే ఎర్రర్లు మరో చోట. అన్నీ డేటాబేస్‌లో ఒకే టేబుల్లో (పట్టికలో) పోస్తే వెతకడం తేలికని మేనేజరు గారికి తోచింది. ఆయనకు శుక్రవారం తోచిందంటే సోమవారానికి అయిపోవాలి.

మీటింగ్ పెట్టారు. "ఎర్రర్లు మాత్రం వేరే ఉంచుదాం సార్" అన్నాడు డేటాబేస్ చూసే అన్న.

"మళ్లీ వేరేనా?"

"పోనీ, తప్పులు వెతకడానికి మేం రాయించుకునే డీబగ్ మెసేజ్‌లు కూడా దాచాలా?"

"దాచండి, ఎప్పుడైనా పనికొస్తాయి."

"పాతవి ఎన్నాళ్లకు తీసేద్దాం?"

"తియ్యడం దేనికయ్యా? ఉండనీ. అవేమన్నా అన్నం అడుగుతాయా?"

అన్న ఇంక మాట్లాడలేదు. ఖాళీ హార్లిక్స్ సీసాలు దాచే ఇంట్లో పుట్టినవాళ్లతో వాదించి ఎవరు గెలిచారు గనక!

టేబుల్ కట్టే పని కొత్తగా చేరిన కుర్రాడికి పడింది. బుద్ధిమంతుడు. ఏదో పాత ప్రాజెక్టులోంచి స్క్రిప్టు తెచ్చి, పేర్లు మార్చి, మెసేజ్ కాలమ్‌ను టెక్స్ట్ అని పెట్టాడు. అందులో 65,535 బైట్లు (కంప్యూటర్ అక్షరాలు దాచుకునే చిన్న గడులు) పడతాయి, "కారం తగ్గించండి" అనడానికి ధారాళంగా సరిపోతుంది. ఏ అక్షరాన్ని ఎలా దాచాలో చెప్పే క్యారెక్టర్ సెట్ దగ్గర, అన్ని భాషలకూ పనికొచ్చే యూటీఎఫ్8 పేరు ఉంది. ఆ పేరు చూశాక ఎవరికైనా అనుమానం ఎందుకొస్తుంది?

ఏం రాసినా పైన శ్రీకారం చుట్టాలని వాళ్ల తాతగారు నేర్పారట. అందుకని టేబుల్లో మొదటి వరుసగా 'శ్రీ' అని కొట్టాడు. కంటికది ఒక్క అక్షరమే. లోపల మాత్రం శ, పొల్లు, ర, దీర్ఘం అని నాలుగు ముక్కలు, ముక్కకు 3 బైట్లు, వెరసి 12. అంత ఒళ్లున్నా శ్రీ చక్కగా కూర్చుంది. "తెలుగు పడుతోంది సార్!" అన్నాడు కుర్రాడు. సార్ సమోసాలు తెప్పించారు.

ఉగాది వచ్చింది. బొబ్బట్లు, పులిహోర లాంటివి మెనూలో ఉండవు కాబట్టి, పండగ స్పెషల్స్ ఏం కావాలో మెసేజ్‌లో రాయమని యాప్‌లో పెట్టారు. పండగపూట తెలుగువాడు మెసేజ్ రాస్తే అందులో రెండు చేతులు జోడించిన బొమ్మ లేకుండా ఉంటుందా? ఆ దణ్ణం బొమ్మకు 4 బైట్లు కావాలి. మా డేటాబేస్ నడిపే మైఎస్‌క్యూఎల్ వారి పాత యూటీఎఫ్8 మూడు దాటితే చోటివ్వదు. నాలుగూ పట్టే యూటీఎఫ్8ఎంబీ4 వాళ్లు 2010లోనే ఇచ్చారు. 2018లో వాళ్ల 8.0 వెర్షన్ వచ్చాకైతే, అడక్కపోయినా అదే వస్తుంది. మా స్క్రిప్టులో మాత్రం పాత పేరు రాసి ఉంది, డేటాబేస్ అన్నాక రాసిందానికి కట్టుబడుతుంది.

మొదటి దణ్ణానికి ఎర్రర్ 1366 వచ్చింది, అంటే ఈ అక్షరం నాకు పట్టదని. ఎర్రర్ వస్తే దాన్ని కస్టమర్ మెసేజ్‌తో సహా టేబుల్లో రాయాలని కోడ్. రాయబోయింది. అందులోనూ దణ్ణం ఉంది, మళ్లీ ఎర్రర్. ఆ ఎర్రర్ని రాయబోయింది. అందులోనూ దణ్ణమే. ఇలా ఒక్క పెద్దమనిషి మర్యాదకు మా సర్వర్ ఊపిరి తిప్పుకోకుండా సాష్టాంగాలు పడుతూ, పడినప్పుడల్లా ఒక ఫైల్లో రాసుకుంటూ, డిస్క్ నిండేదాకా ఆగలేదు.

సార్ లాప్‌టాప్ తెరిచి ఆ ఫైల్లో టైమ్ చూశారు. 00:30. "అర్ధరాత్రి పన్నెండున్నరకి బొబ్బట్లు ఎవడడుగుతాడయ్యా? హ్యాకరే!" అని, రాత్రి ఎవరైనా వచ్చారేమో కనుక్కోమని గేటు దగ్గర సెక్యూరిటీకి ఫోన్ చేయించారు. వాచ్‌మన్ రాత్రంతా మేలుకునే ఉన్నానని అడక్కుండానే ప్రమాణం చేశాడట.

"సార్, అది యూటీసీ, మన టైమ్ కాదు, ప్రపంచమంతా లెక్కకు వాడే టైమ్. ఐదున్నర గంటలు కలుపుకోండి. పొద్దున ఆరింటి ఆర్డరది" అన్నాడు అన్న.

ఆ ఫైలు చెరిపి చోటు చేశారు. అసలు మందు టేబుల్‌ని కొత్త క్యారెక్టర్ సెట్‌కి మార్చడం. అలా మార్చాలంటే మైఎస్‌క్యూఎల్ టేబుల్ మొత్తాన్ని ఇంకోసారి రాసుకుంటుంది, ఆ కాసేపూ కొత్త మెసేజ్‌లు లోపలికి రానివ్వదు. ఎప్పుడైనా పనికొస్తాయని దాచిన డీబగ్ మెసేజ్‌లు అప్పటికి కొండంత ఉన్నాయి. పండగ పొద్దున అంతసేపు ఎవరాపుతారు? "ముందు ఆ ఎర్రర్ రాకుండా చూడండి, మిగతాది రేపు" అన్నారు సార్.

పట్టనిది వస్తే ఎర్రర్ ఇచ్చి తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్‌ని అన్న తీసేశాడు. ఎర్రర్లు నిజంగానే ఆగిపోయాయి. మా యాప్ కూడా డేటాబేస్‌తో ఆ పాత యూటీఎఫ్8లోనే మాట్లాడేది; అలాంటప్పుడు స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే మైఎస్‌క్యూఎల్ గొడవ చెయ్యదు, తనకు పట్టని అక్షరం దగ్గర్నుంచి చివరిదాకా కత్తిరించి, మిగిలింది దాచుకుని, ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. ఆ వార్నింగ్ చదివే తీరిక ఎవరికుంది? మెసేజ్ చివర దణ్ణం పెట్టినవాళ్లకు దణ్ణం ఒక్కటే పోయింది. ముందే పెట్టే మర్యాదస్తులు కూడా ఉన్నారు.

తొమ్మిదింటికి కర్రీ పాయింట్ అక్క నుంచి ఫోన్ వచ్చింది. "బాబూ, ఒకాయన 'నమస్కారమండీ' అని ఊరుకున్నాడు. ఇంకొకావిడ 'అక్కా' అని ఆపేసింది. ఇలాంటివి పొద్దున్నుంచీ ముప్పై దాకా వచ్చాయి. వీళ్లకి నేను బొబ్బట్లు చెయ్యాలా, తిరిగి నమస్కారం పెట్టాలా?"